అందరిదైన తలుపు

ఇరవై అయిదేళ్ల వయసులో యూదా సింహాసనమెక్కిన హిజ్కియా, తన ఏలుబడిలో మొదటి సంవత్సరం మొదటి నెలలోనే మరమ్మతు పని పెట్టుకున్నాడు. తండ్రి ఆహాజు మూయించిన దేవాలయం తలుపులు తెరిపించి, వాటిని బాగుచేయించాడు (2 దినవృత్తాంతములు 29:3). ఒక రాజు చరిత్ర తలుపుల మరమ్మతుతో ఎందుకు మొదలవుతోందో సెమినరీలో చదువుకునే రోజుల్లో నేను ఆలోచించలేదు. కర్నూలులో మేముండే అపార్టుమెంటు తలుపు నన్ను ఆలోచింపజేసింది.

మాది పన్నెండు ఇళ్ల భవనం. మెట్ల దారికి టేకు తలుపు ఉండేది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు అది కూడా నీళ్లలో నానింది. ఆ తర్వాత ఎన్నడూ సరిగ్గా పడలేదు. మన సీమ ఎండలకు చెక్క ఎండిపోయి గడియ అందదు, రాత్రంతా కుక్కలు మెట్ల మీదే. వానలు పడితే ఉబ్బి బిగుసుకుంటుంది. అలా జరిగిన ప్రతిసారీ వడ్రంగిని పిలిచి అడుగున చిత్రిక పట్టించేవాళ్లం. కొత్త తలుపు ఖర్చు తప్పిందని సంతోషించేవాళ్లం కూడా.

ఒక వానాకాలం రాత్రి మూడో అంతస్తులోని పెద్దమ్మకు ఆయాసం వచ్చింది. 108 వాళ్లను పిలిచారు. వాళ్లొచ్చేసరికి తలుపు బిగుసుకుంది. లోపల నుంచి మేం లాగుతున్నాం, బయట నుంచి వాళ్లు తోస్తున్నారు. పది నిమిషాలు అలాగే గడిచాయి. మెట్ల కింద కుర్చీలో కూర్చోబెట్టిన ఆమె నా వైపు చూసి, “వాకిలి రాలేదా అయ్యగారూ?” అని అడిగింది. (మా వైపు తలుపునే వాకిలి అంటాం.) దేవుని దయవల్ల ఆమె బతికి ఇంటికొచ్చింది. కానీ ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. ఏడాది ముందే సెక్రటరీ కొత్త తలుపు కోసం ఇంటికి మూడు వేలు అడిగాడు. “అసోసియేషన్ చూసుకుంటుందిలే, వచ్చే నెల ఇస్తాను” అన్నవారిలో నేనూ ఒకణ్ణి. అసోసియేషన్ అంటే నేను కాకుండా ఇంకెవరో ఉన్నట్టు!

1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం పునాదులు, మెట్లు, పైకప్పుతో పాటు భవనంలోకి వచ్చే దారుల్ని, పోయే దారుల్ని కూడా ఉమ్మడి భాగాలుగానే లెక్కగడుతుంది. ఫ్లాటు యజమాని ప్రతి ఒక్కరికీ అందులో విడదీయరాని వాటా ఉంటుంది. కాగితం మీద అంత స్పష్టంగా ఉన్న మాటపై మేం రెండు ఆదివారాల సాయంత్రాలు వాదించుకున్నాం. వాటా ఇంటికింత అని వేయాలా, అడుగుల లెక్కన వేయాలా? కింద దుకాణం ఉన్నాయన, “నా షట్టరు రోడ్డు మీదికే కదా, మీ తలుపుతో నాకేం పని?” అన్నాడు. ఆయన మాటలో న్యాయం బొత్తిగా లేదని నేననను. యెరూషలేము గోడ కట్టేటప్పుడు తెకోవ ఊరి పెద్దలు పనికి మెడ వంచలేదు. అదే ఊరి సామాన్యులు మాత్రం తమ భాగం ముగించి, మరో భాగం కూడా కట్టారు (నెహెమ్యా 3:5, 27). నేను ఆ పెద్దల వరుసలో నిలబడ్డవాణ్ణే కాబట్టి, ఆయనకు ఆ వచనం చూపించలేదు.

ఆచారి వచ్చి చూసి, తలుపు రెక్క పక్కనపెట్టి ద్వారబంధం కాళ్లను ఉలితో పొడిచాడు. పొడి రాలింది. “వాకిలికేం కాలేదు సారూ, ఇన్నేళ్లు దాన్ని ఊరికే చెక్కినారు. కాళ్లు చెదలు తినేసినాయి” అన్నాడు. ద్వారబంధంతో సహా మార్చాం. ఈసారి ఇనుప చట్రం వేయించాం. అత్యవసరంలో బయటపడే తలుపు మీటరుకు తక్కువ వెడల్పు ఉండకూడదని, బయటికి తెరుచుకోవాలని, లోపలివారికి తాళంచెవి అవసరం రాకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. మా పాత తలుపుకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

గడప దగ్గర మళ్లీ వాదన. గడప అనే మాట నుంచే కడప ఊరికి ఆ పేరొచ్చిందని చెబుతారు. తిరుమల యాత్రికులకు దేవునికడప తొలి గడప. అలాంటి సీమలో గడప లేని వాకిలా అన్నారు కొందరు. ఎత్తు గడపయితే చక్రాల కుర్చీ దాటదు. చివరికి కడప బండనే నేలతో సమానంగా పరిపించాం. శుక్రవారాలు దానికి పసుపు రాసేవాళ్లు రాస్తారు, పెద్దమ్మ కర్ర ఊతంతో దాని మీదుగా నడిచిపోతుంది.

యోవాషు రాజు కాలంలో మందిరం మరమ్మతుకు డబ్బు వస్తున్నా ఇరవై మూడో ఏడు వరకూ పని జరగలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు రంధ్రం చేసి బలిపీఠం దగ్గర పెట్టాడు. పనివారికిచ్చేవాళ్లు నమ్మకస్థులు గనుక వాళ్లను లెక్క అడగలేదట (2 రాజులు 12). మేం అంతటివాళ్లం కాము. జమాఖర్చుల కాగితం తలుపు పక్కనే అంటించాం.

అందులో దుకాణం ఆయన పేరు ఎదుట ఇంకా ఖాళీగానే ఉంది. మొన్న వాన వెలిశాక ఆయనే వచ్చి, గడప దగ్గర చేరిన బురద ఊడ్చి, తలుపు రెండుసార్లు తీసి వేసి చూసి, ఆ కాగితం చదువుకుని వెళ్లిపోయాడు.