ఇంజనుకు ఊపిరి ఎంత కావాలి?

జంషెడ్‌పూర్ వాసులకు ఇనుమును గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. సాక్చీ అనే పల్లెలో 1912లో మొదటి ఉక్కు పోత పోసిననాటి నుండి ఆ ఊరి జీవితం కొలిమి చుట్టూనే తిరుగుతున్నది. 1945లో అక్కడ టెల్కో వెలసింది. 1954 నుండి జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీలు తయారైనవి. శ్రీకాకుళం, విజయనగరం సీమల నుండి ఉపాధి వెదుక్కుంటూ వెళ్ళి, బిష్టుపూర్, కదమా వంటి పేటలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఎందరికో పానా పట్టడం పలక పట్టినంత సహజం.

అటువంటి ఇంట తండ్రి కాలం నాటి అంబాసిడర్ కారు ఒకటి ఇంకా తిరుగుతున్నదనుకుందాం. ఉత్తరపారాలో ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది గాని, దాచుకున్నవారు దాచుకుంటూనే ఉన్నారు. ఇంజను విప్పవలసిన రోజు వచ్చింది. ‘ఎలాగూ విప్పుతున్నాం గదా, కాస్త చురుకైన క్యామ్‌షాఫ్టు వేయిస్తే పోలా?’ అన్న కోరిక ఇంటి కుర్రవానికి కలుగుతుంది.

కోరిక చెడ్డది కాదు. కాని ఆ కారు మీద ఇంటిల్లిపాదికీ హక్కు ఉన్నది. పెద్దవారిని ఆసుపత్రికి తీసుకుపోవాలి. సాక్చీ బజారు రద్దీలో నత్తనడక నడవాలి. సుమారు 130 కిలోమీటర్ల రాంచీ దారిలో నిండు బరువుతో ఘాటు ఎక్కాలి. క్యామ్‌షాఫ్టు ఎంపికలో తప్పటడుగు వేస్తే ఈ పనులన్నీ కుంటుపడతాయి.

ఊపిరికి కాపలాదారు

ఇంజను కూడా ఊపిరి పీల్చి వదిలే యంత్రమే. పెట్రోలు కలిసిన గాలిని లోనికి తీసుకొని, మండించి, పొగను బయటికి నెడుతుంది. లోపలి ద్వారం ఎప్పుడు తెరవాలి, బయటి ద్వారం ఎప్పుడు మూయాలి అన్నది నిర్ణయించేది క్యామ్‌షాఫ్టు. క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగేసరికి ఇది ఒక చుట్టు తిరుగుతుంది. దాని మీది గుడ్డు ఆకారపు ఉబ్బులు వాల్వులను లేపుతాయి.

ఉబ్బు ఎంత ఎత్తుగా ఉంటే వాల్వు అంత పైకి లేస్తుంది. దీనిని లిఫ్టు అంటారు. ఉబ్బు ఎంత వెడల్పుగా ఉంటే వాల్వు అంతసేపు తెరచి ఉంటుంది. దీనిని డ్యూరేషన్ అంటారు. క్రాంక్‌షాఫ్టు తిరిగే డిగ్రీలలో కొలుస్తారు. పొగ పూర్తిగా పోకమునుపే కొత్త గాలి ప్రవేశించే కొద్దిపాటి సమయం ఒకటి ఉన్నది. అప్పుడు రెండు ద్వారాలూ తెరచి ఉంటాయి. దాని పేరు ఓవర్‌ల్యాప్.

ఇంజను నిమిషానికి అయిదారువేల చుట్లు తిరిగేటప్పుడు లోనికి వచ్చే గాలికి ఊపు ఎక్కువ. పిస్టన్ పైకి బయలుదేరిన తరువాత కూడా ఆ ఊపుతోనే గాలి దూసుకొని వస్తుంది. కనుక ద్వారం ఆలస్యంగా మూస్తే లాభం. అదే ఇంజను వెయ్యి, పదిహేనువందల చుట్లలో నడుస్తున్నప్పుడు గాలికి ఆ ఊపు ఉండదు. ద్వారం ఆలస్యంగా మూస్తే లోనికి వచ్చిన గాలి తిరిగి వెనక్కు పోతుంది. ఓవర్‌ల్యాప్ ఎక్కువైతే పొగ కొత్త గాలిలో కలుస్తుంది. అప్పుడు ఇంజను నిలకడగా ఉండలేక కుదుపుతుంది. ఒక చివర కలిపిన బలాన్ని మరొక చివర కోసి ఇవ్వవలసినదే.

ఒకే దిమ్మ, రెండు స్వభావాలు

దీనికి చక్కని నిదర్శనం అంబాసిడర్ చరిత్రలోనే ఉన్నది. దాని 1,489 సీసీ ఇంజను బ్రిటన్‌లోని బీఎంసీ సంస్థ రూపొందించిన బి-సిరీస్ కుటుంబానికి చెందినది. 1955లో వెలువడిన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారుకూ అదే కుటుంబపు 1,489 సీసీ ఇంజను అమర్చినారు. అంబాసిడర్ శక్తి సుమారు 50 అశ్వశక్తి. ఎంజీఏ 68తో మొదలై 72కు చేరింది.

ఈ తేడా క్యామ్‌షాఫ్టు ఒక్కదాని మహిమ కాదు. ఈ కుటుంబంలోని సామాన్య కార్లలో డ్యూరేషన్ సుమారు 230 డిగ్రీలు కాగా, ఎంజీఏలో 252. దానితోపాటు రెండు కార్బురేటర్లు, హెచ్చు కంప్రెషన్ కూడా ఉన్నవి. క్యామ్ ఒక్కటే మార్చి, తక్కినవి మార్చకుండా ఎంజీఏ ఫలితం ఆశించడం పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లే అవుతుంది. పైగా స్పోర్ట్స్ కారుకు సైతం ఆ నిపుణులు 252 దగ్గర ఆగినారన్నది గమనించదగినది.

ఒకప్పుడు మద్రాసు సమీపాన షోలవరం విమానరంగం మీద ఫియట్లు, హెరాల్డులు పందెం వేసేవి. పందెం కారుకు నిదానంగా నడవవలసిన అగత్యం లేదు. ఇంటి కారు తన ఆయుష్షులో అధికభాగం మూడువేల చుట్ల లోపే గడుపుతుంది. బరువు లాగే లారీలను చూస్తూ పెరిగిన జంషెడ్‌పూర్‌కు ఈ రహస్యం కొత్త కాదు. ఎత్తు ఎక్కించేది తక్కువ చుట్లలో పట్టు విడవని లాగుడే గాని, ఇంజను కేకలు కావు.

ఎంపిక ఎలా?

మొదట రోగమేదో తేల్చుకోవాలి. కంప్రెషన్ పరీక్ష, వాల్వుల నునుపు, కార్బురేటరు, ఇగ్నిషన్ సరిచూడాలి. పాత క్యామ్ ఉబ్బులను మైక్రోమీటరుతో కొలవాలి. అవి అరిగి ఉంటే కొత్త స్టాండర్డు క్యామ్ వేసినా పోయిన బలం చాలావరకు తిరిగివస్తుంది.

అంతకు మించి కావాలనుకుంటే, ఈ ఇంజనుకు 250 డిగ్రీల ప్రాంతంలో ఆగడం మేలు. కొలత విషయంలో ఒక మెలిక ఉన్నది. కొందరు తయారీదారులు వాల్వు కదిలిన క్షణం నుండి లెక్కిస్తారు, కొందరు 0.050 అంగుళం లేచిన తరువాత లెక్కిస్తారు. ఒకే పద్ధతిలో తీసిన అంకెలనే సరిపోల్చాలి. కంప్రెషన్ తక్కువగా ఉన్న పాత ఇంజనులో లోపలి వాల్వును మరీ ఆలస్యంగా మూస్తే ఉన్న ఒత్తిడి కూడా తగ్గుతుందని మరువరాదు.

అమరికలోనూ జాగ్రత్త అవసరం. కొత్త క్యామ్‌కు కొత్త టాపెట్లే వేయాలి. పాతవి వేస్తే రెండూ త్వరగా అరుగుతాయి. స్ప్రింగులు పూర్తిగా నొక్కుకొని బిగుసుకుపోకుండా, వాల్వు పిస్టన్‌ను తాకకుండా ముందే చూసుకోవాలి. టైమింగును డిగ్రీ చక్రంతో సరిచూడాలి. జింకు, భాస్వరం తగినంత ఉన్న నూనె పోసి, స్టార్టు చేసిన వెంటనే సుమారు 2,000 చుట్లలో 20 నిమిషాలు నడపాలి. ఆ కొద్దిసేపట్లో నిర్లక్ష్యం చేస్తే ఉబ్బులు పాడైపోతాయి.

చట్టం సంగతి కూడా ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నంగా మారరాదు. క్యామ్ వలన ఇంజను సీసీ మారదు; అయినా రవాణా కార్యాలయంలో ముందుగా అడిగి తెలుసుకోవడం వివేకం. భారత్ స్టేజ్ ప్రమాణాలకు ముందు నాటి పెట్రోలు కార్లు నిలిచి తిరిగే వేగంలో కార్బన్ మోనాక్సైడు 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం మించకూడదు. ఓవర్‌ల్యాప్ పెరిగితే మండని పెట్రోలు పొగగొట్టం దారి పట్టి, కారు ఈ పరీక్షలోనే తప్పుతుంది.

అన్నీ అయిన తరువాత ఫలితం తెలుసుకోవడానికి స్పీడోమీటరు ముల్లు వంక చూడనక్కరలేదు. నలుగురిని కూర్చోబెట్టుకొని, రాంచీ దారి చడావులో మూడవ గేరు మీద కారు కుదుపు లేకుండా, క్రింది గేరు అడగకుండా ఎక్కితే ఎంపిక సరియైనదే.