పరేటో సరిహద్దు మీద పందెపు కారు

లక్ష్యం ఒక్కటే అయినప్పుడు అత్యుత్తమ పరిష్కారమేదో గణితం తేల్చి చెప్పగలదు గాని, ఖర్చూ తగ్గాలి, కాలుష్యమూ తగ్గాలి అన్నట్టు ఒకదానికొకటి పొసగని లక్ష్యాలు ఒకచోట చేరితే అది సగం దారిలోనే ఆగిపోతుంది. ఒక లక్ష్యంలో నష్టపోతే తప్ప మరొకదానిలో మెరుగుపడటం కుదరని పరిష్కారాలను, ఇటలీలో ఇంజనీరుగా రైల్వే కంపెనీలో పనిచేసి తర్వాత అర్థశాస్త్రంలోకి వచ్చిన విల్‌ఫ్రెడో పరేటో పేరు మీద పరేటో పరిష్కారాలనీ, వాటన్నిటినీ కలిపి పరేటో సరిహద్దు అనీ అంటారు. ఆ సరిహద్దు మీద ఎక్కడ నిలవాలో చెప్పాల్సింది నిర్ణేత, అంటే నిర్ణయం తీసుకునే మనిషి. ఆ మనిషి ఇష్టాయిష్టాలను లెక్కకు అందే రూపంలో పెట్టడాన్నే ప్రాధాన్యాల నమూనా నిర్మాణం అంటారు.

మొదట ఎవరికైనా తోచేది వెయిటేజీ పద్ధతి: ఏ లక్ష్యానికి ఎంత ప్రాముఖ్యమో నిర్ణేతను ముందే అడిగి, మార్కులను ఆ అంకెలతో గుణించి కూడటం. చూడటానికి న్యాయంగానే ఉంటుంది గాని ఇందులో పెద్ద చిక్కుంది. ఒక విద్యుత్ కేంద్రానికి మూడు నమూనాలున్నాయనీ, పొదుపులోనూ శుభ్రతలోనూ మొదటిదానికి 10, 0, రెండోదానికి 0, 10, మూడోదానికి 4, 4 మార్కులు వచ్చాయనీ అనుకుంటే, వెయిటేజీని ఎటు మార్చినా మొదటి రెండింటిలో ఒకదానికి కనీసం 5 వస్తుంది, మూడోదానికి 4 దాటవు. రెండూ ఓ మోస్తరుగా ఉంటే చాలుననుకునే మనిషికి కావలసింది ఆ మూడోదే అయినా, ఈ పద్ధతిలో అది ఎన్నటికీ ఎంపిక కాదు. 1972లో జాఫ్రియన్, డయర్, ఫైన్‌బర్గ్ ముందుగా అంకెలు అడగడం మాని, అడుగడుగునా ఇది ఇంత పెరిగితే అది ఎంత వదులుకుంటారని అడిగే పద్ధతిని ఒక విశ్వవిద్యాలయ శాఖ నిర్వహణకు అన్వయించి చూపారు. అయితే అటువంటి మారకపు రేటు చెప్పడం సంతలో బేరమాడినంత తేలిక కాదు.

అసలు మలుపు వియన్నా దగ్గరి లాక్సెన్‌బుర్గ్‌లో వచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో తూర్పు, పశ్చిమ దేశాల శాస్త్రజ్ఞులు కలిసి పనిచేసేందుకు 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పరిశోధన సంస్థ అక్కడ ఉంది. అందులో పనిచేసిన పోలెండ్ శాస్త్రజ్ఞుడు ఆంద్జేయ్ వియెజ్‌బిట్‌స్కీ 1980 ప్రాంతంలో, నిర్ణేతను ప్రాముఖ్యం గురించి కాక ప్రతి లక్ష్యంలోనూ ఎంత వస్తే సంతోషమో అడిగితే చాలునన్నాడు. ఆ కోరికల జాబితాయే రిఫరెన్స్ పాయింట్. పై ఉదాహరణలో 5, 5 కావాలంటే మొదటి రెండు నమూనాలూ ఏదో ఒకచోట 5 మార్కుల దూరంలో ఆగిపోతాయి, మూడోదానికి ఎక్కడా 1కి మించి లోటు లేదు కనుక అదే ముందుకు వస్తుంది. కోరిక అందనంత ఎత్తున ఉంటే ఈ లెక్క దాన్ని సరిహద్దు దాకా దించుతుంది, మరీ తక్కువైతే అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చి సరిహద్దుకు చేరుస్తుంది.

ఈ ఊహకు చక్రాలు తొడిగినవారు ఫిన్లాండ్‌కు చెందిన పెక్కా కోర్హోనెన్, యుర్కి వాలెనియస్. 1988లో వారు ప్రకటించిన 'పరేటో రేస్'లో ఒక్కో లక్ష్యం కంప్యూటరు తెర మీద ఒక్కో అడ్డపట్టీగా కనిపిస్తుంది. స్పేస్ బార్ నొక్కితే కారు ముందుకు సాగినట్టు కొన్ని పట్టీలు పొడవవుతాయి, కొన్ని కుంచించుకుపోతాయి. లక్ష్యం అంకెను నొక్కితే దారి అటువైపు మళ్లుతుంది. గేర్లకు కొన్ని మీటలు, బ్రేకుకు ఒకటి, ఇంతకన్నా తగ్గనివ్వవద్దని హద్దు బిగించేందుకు ఇంకొకటి. ఎఫ్10 నొక్కితే ప్రయాణం ముగుస్తుంది. ఆ మీట నొక్కే క్షణం వచ్చిందని ఏ సూత్రమూ నిరూపించదు, నిర్ణేతకు తృప్తి కలగడమే గుర్తు. గణితజ్ఞులకు ఇది కొంత మింగుడుపడని విషయమే.

ఆ దేశంలోనే యువాస్కులా విశ్వవిద్యాలయంలో కైసా మియెట్టినెన్ తదితరులు రూపొందించిన నింబస్ పద్ధతి 1995లోనే ఇంటర్నెట్‌కు ఎక్కింది. అందులో నిర్ణేత తన ముందున్న పరిష్కారాన్ని చూసి, ఏ లక్ష్యం ఇంకా మెరుగుపడాలో, ఏది ఉన్నచోటే ఉండాలో, ఏది ఎంతవరకు దిగజారినా ఫరవాలేదో వర్గీకరిస్తాడు. ఒక్క లక్ష్యాన్నైనా దిగజారనివ్వడానికి నిర్ణేత ఒప్పుకోకపోతే ఆ వర్గీకరణను నింబస్ స్వీకరించదు.