డ్రమ్ములో పసుపు, చక్రం మీద ఇత్తడి

దుగ్గిరాల మార్కెట్ యార్డుకు వచ్చే పసుపు కొమ్ము పుట్టుకతోనే నున్నగా ఉండదు. తవ్విన దుంపను ఉడకబెట్టి, కళ్లంలో పది పదిహేను రోజులు ఎండబెడితే మిగిలేది మట్టిరంగు పొలుసులతో, వేళ్ల పీచుతో గరుకుగా ఉండే కట్టె ముక్క. విరిస్తే టక్కుమంటుంది. దానికి మెరుగు పెట్టేది పాలిష్ డ్రమ్ము.

డ్రమ్ము రాకముందు ఆ పని మనుషుల కాళ్లది. పాదాలకు గోనెపట్టా చుట్టుకుని కొమ్ముల్ని తొక్కి నలిపేవారు. తర్వాత ఇనుప జల్లెడ చుట్టిన పీపా వచ్చింది. దానికో నడిమి ఇరుసు, చేత్తో తిప్పే పిడి. ఆపైన పిడి స్థానంలో మోటారు చేరింది. పీపా లోపల మాత్రం రుద్దే పరికరమంటూ ఏదీ ఉండదు. కొమ్ములే ఒకదాన్నొకటి రాసుకుంటాయి, జల్లెడను రాసుకుంటాయి. రాలిన పొట్టు కన్నాల్లోంచి కిందికి జారిపోతుంది. పని తొందరగా తెమలాలని పీపాను గిరగిరా తిప్పితే అసలు పనే ఆగిపోతుంది: కొమ్ములు గోడకు అతుక్కుని పీపాతోపాటే తిరుగుతాయి. మీటరు వ్యాసమున్న పీపాకు ఆ హద్దు నిమిషానికి సుమారు 42 చుట్లు. అందుకే 30 దరిదాపుల్లో తిప్పుతారు.

పాలిష్‌లో నూటికి 5 నుంచి 8 కిలోలు తరగడం మామూలే. ఆఖరి చుట్లలో రంగు కోసం పసుపుపొడి, కాస్త నీళ్లు చల్లుతారు. సరిగ్గా ఈ దశలోనే బంగ్లాదేశ్‌లో కొందరు సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలుపుతున్నారని 2019లో పరిశోధకులు బయటపెట్టారు.

చిన్న వర్క్‌షాపులో బల్లకు బిగించే బఫింగ్ మిషను ఈ డ్రమ్ముకు తోబుట్టువే గానీ, గుణం పూర్తిగా వేరు. ఇక్కడ ముక్క ఒంటరిది. తిరిగేది గుడ్డ పొరలు కుట్టిన చక్రం, కొరికేది దానికి పూసే పాలిష్ సబ్బు. కొనేవాళ్లు ముందు హార్స్‌పవర్ అడుగుతారు. నేనైతే చక్రం అంచు వేగం లెక్కగడతాను. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద రెండు పోల్స్ మోటారు నిమిషానికి సుమారు 2850 చుట్లు తిరుగుతుంది, నాలుగు పోల్స్‌ది 1440. ఎనిమిదంగుళాల చక్రం బిగిస్తే మొదటిదాని అంచు సెకనుకు 30 మీటర్లు, రెండోదానిది 15 మీటర్లు పరుగెడుతుంది. ఇత్తడి కుందికి ముప్ఫై బాగానే ఉంటుంది. ప్లాస్టిక్ పిడి అయితే ఆ వేడికి మెత్తబడి జిగురుగా అంటుకుంటుంది, దానికి రెండోదే మేలు. ఇరుసు పొడవూ చూడాలి. గ్రైండర్‌కే గుడ్డ చక్రం తగిలించి అమ్మేవాటిలో ఎడం చాలదు, కుంది మెడ తిప్పబోతే మోటారుకు తగులుతుంది.

చక్రం పైనుంచి మనవైపు దిగుతుంది కాబట్టి ముక్కను దాని నడుముకు దిగువనే ఆనించాలి. పదునైన అంచును ఎదురు పెడితే లాక్కుని నేలకేసి కొడుతుంది. చేతులకు గ్లవ్స్ వద్దేవద్దు, వాటితోపాటు వేళ్లనూ లాగేస్తుంది.

మెరుగంటే గీతలు పోవడం కాదని, కంటికి ఆననంత సన్నబడడమేనని న్యూటన్ 1704 నాటి ‘ఆప్టిక్స్’లో వివరించాడు. కుందిని పది నిమిషాలు ఆనించి చూడండి. అది అద్దంలా తేలుతుంటే చక్రం అంచు నల్లబడుతుంది. ఆ నలుపులో సబ్బుతోపాటు ఉన్నది కుంది వదిలిన ఇత్తడే.