పాత శస్త్రపరికరముల వయస్సు నెఱుగు విధము

ఒక పాత కొయ్యపెట్టె మన చేతికి దొరకినదనుకొందము. మూత తెఱవగా మఖమలు పఱచిన గుంటలలో కత్తులు, ఱంపము, పట్టుకారులు వరుసగా నమర్చబడి యున్నవి. ఇవి యే కాలమునాటివి? త్రుప్పును జూచి రెండువందల యేండ్లనాటివని యొకరందురు. కాని త్రుప్పు నమ్మదగిన సాక్షి కాదు. తేమగల గదిలో నుంచిన యుక్కు కొలది యేండ్లకే త్రుప్పు పట్టును. నమ్మదగిన సాక్షులు వేఱుగా గలవు.

మొదటి సాక్షి పిడి. 19వ శతాబ్ది మధ్యభాగమున ఐరోపా, అమెరికా ఖండముల శస్త్రవైద్యుల కత్తులకు ఏనుగుదంతముతోనో, నల్లని గట్టి కొయ్యతోనో పిడులు చేసెడివారు. చేయి జాఱకుండుటకై ఆ కొయ్యమీద వలవంటి గాట్లు చెక్కెడివారు. చూచుటకవి మిక్కిలి సొగసైనవి. కాని యా గాట్లలోనే రక్తమును, చీమును దాగి, ఒక రోగినుండి మఱియొక రోగికి మరణమును గొనిపోవుచుండెను. సూక్ష్మజీవులు గాయములను కుళ్లజేయునని యప్పటి వైద్యులెఱుగరు.

1865 ఆగష్టు 12వ తేదీన గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టరు అను వైద్యుడు, బండి క్రింద బడి కాలెముక విఱిగిన 11 ఏండ్ల బాలుని గాయమునకు కార్బాలికామ్లముతో కట్టు గట్టెను. బాలుడు కాలు పోగొట్టుకొనకయే స్వస్థుడయ్యెను. 1867లో లిస్టరు తన పద్ధతిని ప్రకటించెను. ఆయన యిచ్చిన లెక్కనుబట్టి, పూర్వము అవయవములు ఖండింపబడిన 35 మందిలో 16 మంది మరణింపగా, ఈ పద్ధతి వచ్చిన పిదప 40 మందిలో ఆర్గురు మాత్రమే మరణించిరి.

1880 తరువాత పరికరములను కాగునీటిలోను, ఆవిరిలోను శుద్ధిచేయు నాచారము వ్యాపించెను. ఆ వేడిమికి దంతము పగులును, కొయ్య చెడును. అందుచేత కత్తులను పిడినుండి మొనవఱకు లోహముతోనే చేసి నికెలు పూత పూయసాగిరి. కడుగుటకు వీలుగా రెండుగా విడదీయదగిన కత్తెరలును వచ్చెను. మఖమలు పెట్టెలు క్రమముగా మఱుగుపడెను. కావున కొయ్యపిడి గల శస్త్రము సాధారణముగా 19వ శతాబ్ది ముగియుటకు పూర్వపుదని తలంపవచ్చును.

రెండవ సాక్షి లోహము. త్రుప్పు పట్టని యుక్కును షెఫీల్డు నగరమున హారీ బ్రేర్లీ 1913లో కనుగొనెను. "స్టెయిన్‌లెస్" అను ముద్ర గల కత్తి అంతకు ముందుది కాజాలదు.

మూడవ సాక్షి ముద్ర. చేసినవాడు తన పేరును, ఊరిని, ఒక్కొక్కప్పుడు వీధిని గూడ లోహముపై ముద్రించును. అంగడి యేయే సంవత్సరములలో నే వీధియందుండెనో ఆ నగరపు వర్తకుల పట్టికలు తెలుపును. ఇంగ్లండున 1887లోను, అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1890లోను చేయబడిన చట్టములవలన విదేశవస్తువులపై దేశనామము వేయుట సాధారణమయ్యెను. కావున ఇంగ్లీషున "జర్మనీ" అని యున్న పరికరము ప్రాయికముగా ఆ చట్టముల తరువాతిదే.

ఇచ్చట నొక జాగ్రత్త వలయును. గుండెచప్పుడు వినుటకై లెనెక్ అను ఫ్రెంచి వైద్యుడు 1816లో గొట్టమును కల్పించెను; రెండు చెవులకు తగిలించు సాధనము 1850 తరువాత వచ్చెను. అయినను కొయ్యగొట్టము వెంటనే పోలేదు. మంత్రసానులు దానిని 20వ శతాబ్దిలోను వాడిరి. క్రొత్త కల్పన పుట్టిన యేడు, వస్తువు అంతకంటె పాతది కాదని మాత్రమే చెప్పును. ఎంత క్రొత్తదో చెప్పదు. ఒకే పెట్టెలోని వస్తువులన్నియు నొకనాటివని యనుకొనరాదు. వైద్యుడు విఱిగినదానిని దీసి క్రొత్తదాని నుంచుచుండును. ఒక్కొక్కదానిని వేఱుగా ప్రశ్నింపవలెను.

బాల్యమున నేనొక పాత పట్టుకారును చింతపండుతోను, ఇసుకతోను తోమితిని. అది వెండివలె మెఱసెను. కాని దానిమీది చిన్న యక్షరము లరిగిపోయెను. అది యెవరు చేసినదో నేటికిని నాకు తెలియదు. కావున విద్యార్థులారా, మీ యింట నట్టివి యున్నచో అంచులను ముట్టక, మెత్తని పొడిగుడ్డతో దుమ్ము మాత్రము తుడువుడు. పెట్టెలో అందమైన కొయ్యపిడి కత్తిప్రక్కన అందములేని లోహపు కత్తి కనబడినయెడల, దానిని తక్కువగా నెంచకుడు. కాగునీటిని సహించుటకై అది తన సొగసును విడిచినది. దానివలన బ్రదికినవారే యెక్కువ.