ఎప్పుడు వేడెక్కుతోంది?

బండి ఇంజను మరీ వేడెక్కుతోందనగానే చాలామంది మొదట చేసే పని ఏదో ఒకటి పోయడం. నీళ్లు పోస్తారు, కూలెంట్ పోస్తారు, లేదంటే ఉన్న ఆయిల్ తీసేసి ఇంకాస్త చిక్కటిది పోస్తారు. తగ్గకపోతే రేడియేటర్ మారుస్తారు, అప్పటికీ తగ్గకపోతే బోరు విప్పిస్తారు. ఈ వరసలో ఖర్చు పెరుగుతూ పోవడం ఖాయం. అసలు లోపం ఈ వరసలో ఎక్కడైనా తగులుతుందా అంటే అది మాత్రం అదృష్టం. ఏ భాగం చెడిందని వెతకడానికి ముందు బండి ఎప్పుడు వేడెక్కుతోందో చూడాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా? హైవే మీద వేగంగా పోతున్నప్పుడా? ఘాట్ ఎక్కేటప్పుడా? పొద్దున స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకేనా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే అనుమానించాల్సిన భాగాలు డజను నుంచి రెండు మూడుకు తగ్గిపోతాయి. స్పానరు పట్టాల్సింది ఆ తర్వాతే.

ఎందుకలా అంటే, వేడి పుట్టడం ఒక లెక్క, వేడి పోవడం మరో లెక్క. పెట్రోలు మండగా వచ్చిన శక్తిలో బండిని నడిపేది నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకానే. మిగిలిన దానిలో పెద్ద వాటా పొగతోపాటు సైలెన్సర్ గుండా పోతుంది, ఇంచుమించు అంతే వాటా ఇంజను గోడల్లోకి దిగుతుంది. సిలిండర్‌లో మండే వాయువు క్షణకాలం పాటు 2,000 డిగ్రీలు దాటుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. అయినా పిస్టన్ కరక్కుండా ఉందంటే, పుట్టిన వేడిని ఎప్పటికప్పుడు ఎవరో మోసుకుపోతున్నారన్నమాట. స్ప్లెండర్ లాంటి బండ్లలో ఆ పని గాలీ, ఆయిలూ చేస్తాయి. బోరు చుట్టూ ఉండే రెక్కలు గాలికి వేడినిస్తాయి, ఆయిల్ లోపలి వేడిని బయటి గోడల దాకా తెస్తుంది. యమహా ఆర్15 మన దేశంలోకి 2008లో వచ్చాక చిన్న బండ్లకూ రేడియేటర్ మామూలైంది. 2012లో డ్యూక్ 200, పల్సర్ 200 ఎన్ఎస్ వచ్చాయి. ఏళ్ల తరబడి గాలినే నమ్ముకున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా 2023లో హిమాలయన్ 450కి రేడియేటర్ పెట్టింది. పద్ధతి ఏదైనా సూత్రం ఒక్కటే. ఎంత పెట్రోలు కాలితే అంత వేడి పుడుతుంది. ఎంత గాలి తగిలితే, లోపలి ద్రవం ఎంత చురుగ్గా తిరిగితే అంత వేడి పోతుంది.

ఇప్పుడు రేడియేటర్ ఉన్న బండినే తీసుకుందాం. సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు పెట్రోలు కాలేది కొంచెమే కాబట్టి పుట్టే వేడీ తక్కువే. కానీ ఎదురుగాలి ఉండదు. అప్పుడు రేడియేటర్ వెనకున్న ఫ్యాన్ ఒక్కటే దిక్కు. కాబట్టి ఆగినప్పుడు ముల్లు పైకి లేచి, బండి కదిలిన కాసేపటికి దిగుతోందంటే ముందుగా అనుమానించాల్సింది ఫ్యాన్‌ని. బండిని నీడలో నిలబెట్టి, ఇంజను నడుస్తుండగా ఫ్యాన్ తిరిగేదాకా ఆగి చూడాలి. చాలా బండ్లలో కూలెంట్ 100 డిగ్రీలకు అటూ ఇటూగా చేరేసరికి అది తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, టెంపరేచర్ సెన్సర్, మోటారు అన్న వరసలో చూడాలి. ఫ్యాన్‌కి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిస్తే తిరిగిందనుకోండి, మోటారు బాగున్నట్టే. లోపం దానికి ఆజ్ఞ ఇచ్చేచోట ఉంది. తిరుగుతున్నా వేడి తగ్గడం లేదంటే గాలి ఎటు కొడుతోందో చూడాలి. వైరింగ్ పని జరిగినప్పుడు రెండు వైర్లు తారుమారైతే ఫ్యాన్ చక్కగా తిరుగుతూనే గాలిని ఎదురు దిశలో తోస్తుంది. ఈ పరీక్షలకు పైసా ఖర్చు లేదు. అయినా ఇవేవీ చూడకుండా కూలెంట్ మార్చేసిన బండ్లు కొల్లలు.

వేగంగా పోతున్నప్పుడు మాత్రమే వేడెక్కే బండి కథ దీనికి పూర్తిగా తిరగబడుతుంది. ఎదురుగాలి దండిగా ఉంది, ఫ్యాన్‌తో పని లేదు. పుట్టే వేడి బాగా పెరిగింది, దాన్ని రేడియేటర్ దాకా మోసుకొచ్చే దారిలోనో, రేడియేటర్‌లోనో ఇరుకుంది. సన్నటి రెక్కల మధ్య బురద గట్టిపడటం, పురుగులు చిక్కుకోవడం, లోపలి గొట్టాల్లో పెచ్చు కట్టడం, వాటర్ పంపు అరిగిపోవడం, కూలెంట్ తగ్గడం చూసుకోవాల్సింది ఇక్కడే. రాళ్లు తగలకుండా పెట్టించుకున్న సందు లేని జాలీ, ముందు అడ్డంగా బిగించిన ఫ్లెక్సీ ముక్క కూడా ఈ జాబితాలోకే వస్తాయి. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీలు అరిగితే అక్కడి నుంచి కూలెంట్ చుక్కలు కారాలనే దాన్ని పెట్టారు. ఆ తడి చూసి రంధ్రానికి ఎం-సీల్ పూసేవారున్నారు. కారితే కూలెంటే పోతుంది, రంధ్రం మూసేస్తే అది లోపలి బేరింగు మీదికో, ఆయిల్‌లోకో పోతుంది.

స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే వేడెక్కితే సంగతి ఇంకా తీవ్రం. అంత త్వరగా వేడి పోగుపడిందంటే ద్రవం తిరగడమే లేదు, లేదా ఉండాల్సినంత లేదు, లేదా సిలిండర్‌లోని వాయువే దానిలోకి చొరబడుతోంది. థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు. అది ఇంజను చల్లగా ఉన్నంతసేపు దారి మూసి ఉంచి, 80 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకునే కవాటం. విప్పి గిన్నెలో నీళ్లలో వేసి కాస్తూ థర్మామీటర్ పెట్టి చూస్తే తెరుచుకుంటుందో లేదో తేలిపోతుంది. కొందరు దాన్ని తీసి పారేస్తారు, బండి చల్లబడిందని సంబరపడతారు కూడా. మూసుకుపోయినదాన్ని తీసేస్తే వేడి తగ్గడం నిజమే. కానీ ఆ తర్వాత ఇంజను ఉండాల్సిన వేడికి చాలాసేపటి దాకా చేరదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, బోరు త్వరగా అరుగుతుంది. ఇటీవలే కూలెంట్ మార్చారంటే లోపల గాలి చిక్కి ఉండవచ్చు, దాన్ని బయటికి వదిలించాలి. ఇవేవీ కాక రిజర్వ్ ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తున్నా, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు తిరిగినా, ఇంజను వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోయినా హెడ్ గాస్కెట్ పోయిందని అనుకోవచ్చు. బోరు విప్పించాల్సిన సందర్భం అంటూ ఉంటే అది ఇదే.

రేడియేటర్ మూత గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని అందరూ మామూలు మూతే అనుకుంటారు. దానిలో ఒక స్ప్రింగ్ ఉంటుంది. చాలా బండ్లలో అది సుమారు 1.1 బార్ ఒత్తిడి దాకా లోపలి ద్రవాన్ని బిగబట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీరు కూడా 120 డిగ్రీల దాకా మరగదు. స్ప్రింగ్ సడలితే అంతకంటే చాలా ముందే మరిగి, పొంగి, రిజర్వ్ ట్యాంకులోంచి బయటికి పోతుంది. ఎక్కడా లీకు కనపడదు, వారానికోసారి మాత్రం కూలెంట్ తగ్గుతుంది. ఇదే మూతలో ఇంకో చిన్న కవాటం ఉంది. ఇంజను చల్లారేటప్పుడు రిజర్వ్ ట్యాంకులోని ద్రవాన్ని అది తిరిగి రేడియేటర్‌లోకి రానిస్తుంది. అది పని చేయకపోతే రిజర్వ్ ట్యాంకు నిండుగానే ఉంటుంది, రేడియేటర్ మాత్రం వెలితి పడుతుంది. కాబట్టి రిజర్వ్ ట్యాంకు గీత చూసి భరోసా పడకూడదు. ఇంజను పూర్తిగా చల్లారాక మూత తీసి లోపల చూడాలి. వేడి మీద మాత్రం తీయకూడదు. ఒత్తిడి ఒక్కసారిగా పోగానే లోపలి ద్రవం భగ్గున మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. కూలెంట్ బాగా తగ్గినప్పుడు సెన్సర్ ద్రవంలో మునిగి ఉండదు కనుక మీటరు ఉన్న వేడి కంటే తక్కువ చూపవచ్చు. ముల్లు కిందే ఉంది గదా అని నడిపేస్తే ఇంజను పట్టేస్తుంది.

నీళ్లు పోస్తే తప్పేమిటని అడిగేవారి వాదనలో బలముంది. వేడిని మోయడంలో నీటికి మించింది లేదు. సగం గ్లైకాల్, సగం నీరు కలిపిన కూలెంట్ దానికంటే కాస్త తక్కువే మోస్తుంది. రేసు ట్రాకుల మీద చాలాచోట్ల గ్లైకాల్ వద్దని నీళ్లే పోయిస్తారు, అది రోడ్డు మీద ఒలికితే టైర్లు జారతాయని. మరి మనకెందుకు వద్దు? రేసు బండిని వారం వారం విప్పుతారు, మన బండిని ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు. ఆ కాలంలో మామూలు నీరు అల్యూమినియాన్ని తినేస్తుంది. మన బోరు నీళ్లయితే మరీ కష్టం. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పెచ్చే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. అది వేడిని సరిగా దాటనివ్వదు, సన్నటి దారులనూ మూసేస్తుంది. దారిలో ఆగిపోయినప్పుడు, ఇంజను చల్లారాక, ఇంటికి చేరేందుకు మంచినీళ్లు పోయడంలో తప్పులేదు. ఆ తర్వాత వాటిని తీసేసి, లోపల కడిగి, కూలెంట్ పోయించాలి.

ఇంకో మాట తరచూ వినిపిస్తుంది. ఎండ 45 డిగ్రీలుంటే ఏ బండైనా వేడెక్కదా అని. లెక్క వేసి చూద్దాం. వేడి ఎంత పోతుందనేది బండికీ గాలికీ మధ్య తేడా మీద ఆధారపడుతుంది. బోరు రెక్కలు 160 డిగ్రీలున్నాయనుకుంటే, 30 డిగ్రీల రోజున తేడా 130. 45 డిగ్రీల రోజున 115. తగ్గింది ఎనిమిదో వంతు కూడా కాదు. రేడియేటర్ 95 డిగ్రీల దగ్గర పని చేస్తుంది కాబట్టి దాని తేడా 65 నుంచి 50కి పడిపోతుంది, అంటే దాదాపు నాలుగో వంతు. చిత్రమేమంటే నీళ్ల బండికే ఎండ ఎక్కువ తగులుతుంది. కానీ తయారుచేసేవాళ్లు ఇంతకు మించిన సామర్థ్యం ముందే ఉంచుతారు. రామగుండం, రెంటచింతల ఎండల్లో కూడా బాగున్న బండి ఫ్యాన్ ఎక్కువసేపు తిరుగుతుందే తప్ప ఎర్ర లైటు వెలగదు. అందుకే మేలో బయటపడిన లోపం మేలో పుట్టిందని అనుకోలేం. జనవరిలో ఉన్నదే, అప్పుడు మిగులు సామర్థ్యం దాన్ని కప్పి ఉంచింది.

గాలి బండ్ల సంగతి కొంత వేరు. ఆగినప్పుడు అవి వేడెక్కడం లోపం కాదు, వాటి స్వభావం. ఐదు నిమిషాల సిగ్నల్ అయితే ఇంజను ఆపేయడమే మందు. నడుస్తుండగా పికప్ పడిపోవడం, ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని చప్పుడు రావడం, కాలిన ఆయిల్ వాసన రావడం మాత్రం పట్టించుకోవాల్సిన గుర్తులు. ఇక్కడ మొదట చూడాల్సింది ఆయిల్ మట్టం. లీటరు పట్టే ఇంజనులో 300 మిల్లీలీటర్లు తగ్గితే వేడి మోసేవాడిలో మూడో వంతు పోయినట్టే. చిక్కటి ఆయిల్ పోస్తే ఆ లోటు తీరదు, పైగా అది సన్నటి దారుల్లో నెమ్మదిగా పారుతుంది. పొలం పనులకు తిరిగే బండ్లలో దమ్ము బురద రెక్కల మధ్య ఎండి గట్టిపడుతుంది, అది గాలిని బోరు దాకా రానివ్వదు. కడగాలంటే ఇంజను చల్లారాకే. కాలుతున్న బోరు మీద చన్నీళ్లు కుమ్మరిస్తే లోహం వంగవచ్చు, పగలవచ్చు. ఇక ప్లగ్గు విప్పి చూస్తే చివర తెల్లగా, పొడిబారి ఉందంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అందుతోందని అనుమానించాలి. కార్బొరేటర్ జెట్టులో చెత్త, ఇంజనుకూ కార్బొరేటర్‌కూ మధ్య రబ్బరు పగులు, ట్యూనింగ్ మార్చకుండా బిగించిన సౌండు సైలెన్సర్, ఇవి మామూలు కారణాలు.

ఘాట్ మీద, లేదా ఇద్దరెక్కినప్పుడు మాత్రమే వేడెక్కే బండిని ఇంజను దగ్గర కాక చక్రం దగ్గర మొదలుపెట్టాలి. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగకపోతే బ్రేకు పట్టి ఉందన్నమాట, లేదా చైన్ మరీ బిగువుగా ఉంది. ఇంజను రోజంతా బ్రేకుతో కుస్తీ పడుతోంది. మైలేజీ కూడా అదే సమయంలో పడిపోయి ఉంటే ఈ అనుమానం బలపడుతుంది. యాక్సిలేటర్ తిప్పితే ఇంజను అరుస్తూ బండి మాత్రం వేగం అందుకోకపోతే క్లచ్ జారుతోంది, ఆ ఒరిపిడి వేడి అంతా ఆయిల్‌లోకే దిగుతుంది. శ్రీశైలం ఘాట్‌లో వేడెక్కిందని రేడియేటర్ మార్పించినా ఇలాంటి బండి మళ్లీ అక్కడే ఆగుతుంది.

అసలు వేడెక్కనే వేడెక్కని బండ్లూ మరమ్మతుకు వస్తుంటాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలు వచ్చాక సైలెన్సర్ గొట్టంలోని కెటలిటిక్ కన్వర్టర్, ఫ్యాన్ వదిలే వేడిగాలి కాళ్లకు తగిలి ఇంజను కాలిపోతోందన్న భయం పెడుతున్నాయి. కాలికి సెగ తగలడం అసౌకర్యమే. మీటరు మామూలుగా, పికప్ మామూలుగా, కూలెంట్ తగ్గకుండా ఉన్నప్పుడు దాన్ని రోగమని చెప్పి కూలింగ్ సిస్టమ్ విప్పడం వృథా.

ఇవన్నీ బండి నడిపేవాడికెందుకు, మెకానిక్ చూసుకుంటాడు కదా అనవచ్చు. విప్పడం, బిగించడం అతని పనే. కానీ షెడ్డుకు చేరేసరికి బండి చల్లారిపోయి ఉంటుంది. అది ఏ వేగంలో, ఏ గేరులో, ఎంతసేపటికి వేడెక్కిందో చూసిన సాక్షి నడిపినవాడొక్కడే. "హీటెక్కుతోంది అన్నా, చూడు" అని తాళంచెవి ఇచ్చి వెళ్లిపోతే అతనికి మిగిలేది ఊహ, ఆ ఊహకు బిల్లు కట్టేది మనం. "ఆగినప్పుడే ఎక్కుతోంది, కదిలితే దిగుతోంది, ఫ్యాన్ చప్పుడు వినపడలేదు" అంటే పది నిమిషాల్లో ఫ్యూజు దగ్గరికి పోతాడు. పని అయ్యాక పరీక్షించేదీ అలాగే ఉండాలి. ఫ్యాన్ బాగు చేయించిన బండిని హైవే మీద ఓ రౌండు తిప్పి తెచ్చుకుంటే ఏమీ తేలదు. షెడ్డు ముందే నిలబెట్టి, ఫ్యాన్ తిరిగి, ఆగి, మళ్లీ తిరిగేదాకా ఇంజను ఆపకుండా చూసి, అప్పుడు డబ్బులివ్వాలి.