మురుగు మంచినీటిలో కలవకుండా

నమాజుకు ముందు వజూ కావాలి. వజూకు నీళ్ళు పాక్‌గా ఉండాలి. నీటి రుచి, రంగు, వాసన మారకూడదని మన పిల్లలు మదర్సాలో నేర్చుకునే తొలి పాఠాల్లోనే ఉంటుంది. అయితే ఈ మూడూ మారకుండానే నీరు చెడిపోవచ్చునని నేటి వైద్యశాస్త్రం చెబుతుంది. కలరా క్రిమి కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు.

2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో జరిగింది ఇదే. తోళ్ళ వ్యాపారం, తుక్కు వ్యాపారం సాగే ఇరుకు మొహల్లా అది. మన వాళ్ళు ఎక్కువగా నివసించే చోటు. మంచినీటి గొట్టంలోకి మురుగు చేరింది. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు ప్రాణాలు కోల్పోయారు.

మురుగు గొట్టంలోకి ఎలా వస్తుంది? మన ఊళ్ళలో కుళాయి రోజంతా రాదు. నీరు వదిలినంతసేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కనుక చిల్లులోంచి నీరు బయటికే చిమ్ముతుంది. నీరు ఆపగానే గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లు చుట్టూ నిలిచిన మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు కుళాయి తిప్పినవారికి మొదట వచ్చేది ఆ నీరే. కొందరు నేరుగా గొట్టానికే మోటారు బిగిస్తారు. అది ఈ పీల్పును ఇంకా పెంచుతుంది. తమ బిందె నింపుకోవడానికి పొరుగువాడి కడుపులోకి విషం పంపడమే అది!

హైదరాబాదు మురుగు కాలువల వ్యవస్థ 1931 నాటిది. అప్పుడు 4 లక్షల 68 వేల జనాభాను దృష్టిలో పెట్టుకుని కట్టారు. ఆ తరువాత నగరం ఎంత పెరిగిందో చెప్పనక్కరలేదు. 1989లో ఏర్పడిన జలమండలి మంచినీటితోపాటు మురుగు బాధ్యత కూడా చూస్తోంది. దాని పని మూడు చోట్ల సాగుతుంది.

మొదటిది వీధిలో. 155313 నంబరుకు ఫిర్యాదు అందితే మ్యాన్‌హోల్ పొంగే చోటికి యంత్రాలు వెళతాయి. పెద్ద లారీలు దూరలేని గల్లీల కోసం 2017లో 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చారు. వీటిని దళిత యువకులకే యజమానులుగా అప్పగించారు. ఒకప్పుడు మనిషే గుంతలోకి దిగేవాడు, విషవాయువు పీల్చి అక్కడే చనిపోయేవాడు. 2013 చట్టం దీన్ని నిషేధించింది. అయినా మరణాలు ఆగనందున 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు నష్టపరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. ఇంటి ముందు పొంగుతోందని తొందరపడి ఎవరినో పిలిచి యాభయ్యో వందో ఇచ్చి గుంతలోకి దించే పెద్దమనుషులు ఈ సంగతి తెలుసుకోవాలి.

రెండవది నీటి పరీక్ష. గొట్టం చివరన ఉన్న ఇంటి కుళాయిలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చుక్కల మందు వేస్తే నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. తిరగలేదంటే దారిలో ఏదో కలిసి క్లోరిన్‌ను తినేసిందేమోనని అనుమానించి ఆ వీధి గొట్టాన్ని వెతకాలి.

మూడవది శుద్ధి కేంద్రాలు. అంబర్‌పేటలో ఉన్నది రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్లను శుద్ధి చేయగలదు. అదీ చాలక 2021లో మరో 31 కేంద్రాలకు అనుమతి ఇచ్చారు. వాటిలో కోకాపేటది 2023 జూలైలో ప్రారంభమైంది. మూసీ మళ్ళీ నదిలా కనిపించాలంటే ఇవన్నీ ఆగకుండా నడవాలి.

శుద్ధి చేసిన మురుగునీరు పాకేనా? సౌదీ అరేబియా అగ్ర ఉలమా మండలి 1978లోనే నిపుణులను సంప్రదించి దీనికి జవాబిచ్చింది. మలినం రుచి, రంగు, వాసనల్లో ఏ జాడా లేకుండా పూర్తిగా తొలగితే ఆ నీరు పాకే, వజూకూ పనికివస్తుంది. ఆరోగ్యానికి హాని ఉంటుందనుకుంటే తాగడానికి వాడకపోవడం మంచిదని కూడా చెప్పారు. కువైట్‌లో 2004లో మొదలైన సులైబియా కేంద్రపు నీరు పొలాలకు వెళుతోంది.

జలమండలి యంత్రాలకు లొంగనిది మన ఇంటి పని. బక్రీద్ నాడు పేగులు, కొవ్వు, రక్తపు ముద్దలు మ్యాన్‌హోల్‌లో పడేస్తే కొవ్వు గొట్టం గోడకు గడ్డకడుతుంది. పండగ వెళ్ళిన కొన్నాళ్ళకు వీధి పొంగుతుంది. హోటళ్ళ నూనె సంగతీ అంతే. దారిలో, నీడలో, నీటి రేవులో మలినం చేయవద్దని ప్రవక్త (స) గట్టిగా హెచ్చరించిన విషయం జుమా ఖుత్బాలో ఏడాదికి ఒక్కసారైనా గుర్తుచేయవచ్చు కదా!

ఇక బత్తలపల్లి వంటి ఊళ్ళకు జలమండలి లేదు. మురుగు గొట్టాలూ లేవు. ఇంటింటా సెప్టిక్ ట్యాంకే. ధర్మవరం దాటి సాగే చిత్రావతి పార్నపల్లె దగ్గర రిజర్వాయరును చేరుతుంది. అక్కడినుంచే తాగునీటి పథకాలకు నీరు తోడుతారు. అంటే పైన వంకలో కుమ్మరించినది కింద బిందెలోకి వచ్చే దారి ఉంది. ట్యాంకు ఊడ్చే లారీవాడు ఎక్కడ ఒంపుతున్నాడో అడిగేవారు తక్కువ. వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే ఈ లారీలకు నిబంధనలు పెట్టి, తెచ్చిన మలినాన్ని శుద్ధి చేసే ఏర్పాటుకు పూనుకుంది. మన పంచాయతీలు, పురపాలక సంఘాలు కూడా ఆ దారి చూడవచ్చు. అంతవరకు ఇంటి గుంత బావికి, బోరుకు కనీసం 50 అడుగుల దూరంలో ఉండేలా, ట్యాంకును రెండు మూడేళ్ళకోసారి ఖాళీ చేయించేలా చూసుకోవాలి. డబ్బు ఇచ్చేముందు లారీవాణ్ణి ఎక్కడ ఒంపుతావని అడగాలి.