వార్ధక్యంలో తోడుగల నడక

వార్ధక్యంలో వాతం ప్రబలుతుంది. కీళ్లు బిగుస్తాయి, నిద్ర తగ్గుతుంది. అందుకే వృద్ధులకు వ్యాయామం తగదని అష్టాంగహృదయం నిషేధించింది. అయితే దేహాన్ని మిక్కిలి బాధించని నడకను సుశ్రుతుడు 'చంక్రమణం' అని పేర్కొని, అది ఆయుస్సును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని వృద్ధి చేస్తుందన్నాడు.

బాధించని నడకకు కొలత ఏది? నా వద్దకు వచ్చే పెద్దలకు నేను చెప్పేది ఒక్కటే: పక్కన నడిచే మిత్రుడు. అతనితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే ఆ వేగం మీకు తగినది. మాట తెగితే వేగం తగ్గించండి.

కరీంనగర్ వేసవిలో ఎండ ముదరకముందే, ఆదిలాబాద్ చలికాలంలో మంచు విడిన తరువాత చెవులు కప్పుకొని, రోజుకు అరగంట నడిస్తే చాలు. ఛాతీలో నొప్పి గానీ, తల తిరుగుడు గానీ కలిగితే వెంటనే ఆగి వైద్యుని ఆశ్రయించాలి. ఆ క్షణాన మిమ్మల్ని పట్టుకొనే చేయి ఆ మిత్రునిదే.